రక్తంలో ఉందా, గద్దెలో ఉందా?



పోయినసారి గూడెంలో కూచున్నప్పుడు ఒక తమ్ముడు లేచి అడిగాడు: "కామందు ఎదురైతే మనకి నోరు పెగలదు, కాళ్ళు వణుకుతాయి. వాళ్ళది ఏలే రక్తం, మనది ఒంగే రక్తం అంటున్నారు. సైన్సు కూడా అదే చెబుతోందంట గదా, మెదడులో రసాయనాలని?" ఆ రోజు మేం సరిగ్గా జవాబు చెప్పలేకపోయాం. చదివొచ్చి ఇప్పుడు చెబుతున్నాం.

రసాయనాలున్న మాట నిజమే. సెరొటోనిన్ అని ఒకటుంది, మెదడులోనూ రక్తంలోనూ ఉంటుంది. 1980లలో అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు వెర్వెట్ జాతి కోతుల రక్తం పరీక్షించారు. మందకి పెద్దగా ఉన్న మగకోతి రక్తంలో అది మిగతా మగవాటికంటే దాదాపు రెండింతలుంది. (కోతులతో పోలుస్తారా అని కోపగించకండి, కామందునీ వాటితోనే పోలుస్తున్నాం.)

పండితులు ఇక్కడే పుస్తకం మూసేస్తారు. మనువు ముఖమూ పాదాలూ అన్నాడు, వీళ్ళు మెదడూ హార్మోనూ అంటారు, అంతే తేడా. మేం తర్వాతి పేజీ తిప్పాం. ఆ పెద్దకోతిని మందలోంచి తీసి విడిగా పెడితే దాని సెరొటోనిన్ పడిపోయింది. దాని చోట్లోకి వచ్చిన కోతికి పెరిగింది! గద్దె మారింది, వెనకే రక్తం మారింది.

ఇంకో సంగతి కూడా దాచం. 1991లో అదే బృందం, కింద ఉన్న కోతులకి సెరొటోనిన్ పెంచే మందులిస్తే అవి పెద్దరికానికి వచ్చాయని రాసింది. కాబట్టి రసాయనానికేం బలం లేదనలేం. అయితే ఆ మందులిచ్చింది ఎప్పుడు? పాత పెద్దకోతిని మందలోంచి తీసేశాక!

మరి మన కాళ్ళ వణుకు? భయంలో కార్టిసాల్ అనే హార్మోను ఊరుతుంది. పాము కనబడితే పారిపోవడానికి అది మేలే. రోజూ ఊరుతుంటే గుండెనీ నిద్రనీ తింటుంది. 1967 నుంచి లండన్‌లో సర్కారు ఉద్యోగుల్ని ఏళ్ళతరబడి పరిశీలించారు. అడుగు మెట్టు ఉద్యోగులు పైమెట్టు వాళ్ళకంటే సుమారు మూడింతలు గుండెజబ్బుతో చనిపోయారు. బీడీ సిగరెట్లు కొంత కారణమే గానీ, లెక్కంతా వాటితో తేలలేదు. జీతం, తిండి ఉన్నవాళ్ళ గతే అదైతే, హోటల్లో విడిగా పెట్టిన గ్లాసు కడుక్కుని తాగినవాళ్ళ సంగతేంటి?

ఇక మన దేశానిదే చూడండి. 2004లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు ప్రకటించారు. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 6, 7 తరగతుల మగపిల్లలు, అగ్రకులాల వాళ్ళు 321 మంది, దళితులు 321 మంది. కాగితం మీద చిక్కుదారులిచ్చి, బయటికి దారి గీస్తే డబ్బులిస్తామన్నారు. కులం ఎత్తనప్పుడు ఇద్దరూ సమానంగా గీశారు. తండ్రి పేరు, తాత పేరు, కులం అందరి ముందూ చదివాక మన పిల్లలు బాగా వెనకబడ్డారు. అవే చేతులు, అదే మెదడు!

మీ ఊరి బళ్ళో స్కాలర్‌షిప్పు పిల్లల్ని కులం పేరు పిలిచి లేపుతున్నారేమో పిల్లల్నే అడిగి కనుక్కోండి. వచ్చే మీటింగులో మొదట ఆ సంగతే మాట్లాడదాం.