మా ప్రెస్సుకు మొదటి కలర్ మెషిన్
(మండల మహిళా సమాఖ్య వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



మా ప్రెస్సు మీకు కొత్త కాదు. మీలో చాలామంది మినిట్స్ బుక్కులు, పొదుపు పుస్తకాలు మా దగ్గర అచ్చయినవే. ఈ ఏడాది కలర్ ఆఫ్‌సెట్ మెషిన్ కొన్నాం. బ్యాంకు లింకేజీ అప్పు, దానిపైన స్త్రీనిధి అప్పు, రెండూ తీసుకున్నాం. వాయిదా తప్పితే భారం పది ఇళ్ళ మీద పడుతుంది. అందుకే ఏ మెషిన్ కొనాలో తేల్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

అంతకు ముందు మా దగ్గర ఉన్నది ఒక రంగు మినీ ఆఫ్‌సెట్. కలర్ ఆర్డరు వస్తే విజయవాడ పంపేవాళ్ళం. రానూపోనూ చార్జీలు పోను మాకు మిగిలేది ఏమీ ఉండేది కాదు. పెళ్ళిళ్ళ సీజన్లో అక్కడి వాళ్ళ సొంత పని అయ్యాకే మన పని. ముహూర్తం దాటాక శుభలేఖ ఎవరికి కావాలి?

కలర్ అచ్చు అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. ఫోటోలో ఎన్ని రంగులు కనబడినా వాడే ఇంకులు నాలుగే. సయాన్ అనే నీలం, మెజెంటా అనే గులాబీ ఎరుపు, పసుపు, నలుపు. ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు. ఒక రంగు మెషిన్ మీద కూడా కలర్ వేయొచ్చు, కాకపోతే కాగితాన్ని నాలుగుసార్లు నడపాలి. 2000 కరపత్రాలకు 8000 ఇంప్రెషన్లు. రెండు రంగుల మెషిన్ మీద 4000, నాలుగు రంగులదైతే 2000. రంగు మారినప్పుడల్లా రోలర్లు కడగాలి. దానికంటే పెద్ద బాధ కాగితం. ఆఫ్‌సెట్‌లో ప్లేటుకు నీటి తడి కావాలి. ఆ తడి పీల్చి కాగితం కొంచెం సాగుతుంది, వానాకాలం గాలిలో తేమకు ఇంకా సాగుతుంది. మొదటి రంగు వేసినప్పటి కొలత నాలుగో రంగు నాటికి ఉండదు. పెళ్ళికూతురి పెదవి ఎరుపు పక్కకు జరిగి బుగ్గ మీద పడుతుంది. దీన్నే మేము రిజిస్ట్రేషన్ పోయిందంటాం.

మరి నాలుగు రంగులదే కొంటే సరిపోయేది కదా అని మీరు అడగొచ్చు. ఒక మధ్యవర్తి మాకు అదే చెప్పాడు. పాత మెషిన్‌కు కొత్త పెయింటు కొట్టి చూపించాడు. మేము ఇంటికొచ్చి ఆర్డరు పుస్తకం తీసి ఏడాది పని అంతా వరసగా రాసుకున్నాం. సగానికి పైగా బిల్లు బుక్కులు, రసీదులు, ప్రోగ్రెస్ కార్డులు. తరవాత శుభలేఖలు, అవీ చాలావరకు రెండు రంగులే. నాలుగు రంగుల పని అంటే పచ్చళ్ళ లేబుళ్ళు, స్కూళ్ళ కరపత్రాలు, అదీ 1000, 2000 కాపీలు. 100 కాపీలే అడిగితే ప్లేట్ల ఖర్చు లేకుండా డిజిటల్ ప్రింటే చవక. ఇంత పనికి నాలుగు రంగుల మెషిన్ వారంలో ఎన్ని రోజులు తిరుగుతుంది? పైగా దాన్ని నడపడానికి అనుభవమున్న ఆపరేటర్ కావాలి. అతను సంక్రాంతికి ఊరెళ్ళి తిరిగి రాకపోతే మెషిన్ మనది, పని మాత్రం ఆగిపోతుంది. మనవాళ్ళు నేర్చుకోగలిగిన మెషిన్ కావాలని మా ఇద్దరు సభ్యులు గట్టిగా పట్టుబట్టారు. ఆ మాటతోనే తేలిపోయింది.

హైడెల్‌బర్గ్ జీటీఓ 52, రెండు రంగులది, సెకండ్ హ్యాండ్ తీసుకున్నాం. జర్మనీ మోడల్. ఇప్పుడు కొత్తవి తయారు కావు గానీ మన దేశంలో చాలా ప్రెస్సుల్లో ఉంది కాబట్టి విడిభాగాలు, మెకానిక్కులు దొరుకుతారు. మా దానికి నంబరింగ్ అమరిక కూడా ఉంది, బిల్లు బుక్కులకు అదే అన్నం పెడుతోంది. లోటూ చెప్పాలి. దీని మీద పట్టే కాగితం 36 బై 52 సెంటీమీటర్లే. డబుల్ క్రౌన్ సగం చేస్తే 15 బై 20 అంగుళాలు వస్తుంది, అందులో అంగుళం కోసేయాలి. పెద్ద క్యాలెండర్లు ఇప్పటికీ బయటికే పంపుతున్నాం.

కొనేముందు మా కాగితం, మా ప్లేటు తీసుకెళ్ళి నడిపించాం. 50 షీట్లు వేసి, ప్లేటు కదపకుండా అవే షీట్లు మళ్ళీ వేయించాం. గీత మీద గీత పడాలి. జంట గీతలు వస్తే కాగితాన్ని గ్రిప్పర్లు సరిగా పట్టడం లేదని అర్థం. రెండు యూనిట్లనూ అలాగే చూశాం. రోలర్లు, బ్లాంకెట్ అరిగితే మార్చుకోవచ్చు, సిలిండర్‌కు సొట్ట ఉంటే మాత్రం ఆ మెషిన్ జోలికి పోకూడదు. ఎన్ని ఇంప్రెషన్లు తిరిగిందో చూపే మీటరును మేము లెక్కలోకే తీసుకోలేదు, దాన్ని మార్చేయొచ్చు. త్రీ ఫేజ్ కరెంటు, బరువుకు తట్టుకునే కాంక్రీటు నేల, వీటి ఖర్చు కూడా ముందే రాసుకోండి.

ఇప్పుడు ఆ ఇద్దరే మెషిన్ నడుపుతున్నారు. మొదట నలుపు, నీలం వేసి, ఆరాక మెజెంటా, పసుపు వేస్తారు. కొంగు, గాజులు, జడ రోలర్ల దగ్గరికి రాకూడదు. ఏప్రాన్ వేసుకోని మనిషిని, అధ్యక్షురాలైనా సరే, మెషిన్ దగ్గరికి రానివ్వం.

పచ్చళ్ళు, పొడులు చేసే సంఘాలకు ఒక మాట. నాలుగు సంఘాల లేబుళ్ళు ఒకేసారి ఇస్తే ఒకే ప్లేట్ల సెట్టు మీద పక్కపక్కన పెట్టి వేస్తాం, ప్లేట్ల ఖర్చు నలుగురికీ పంచుతాం. పది రోజుల ముందు ఇవ్వండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, బరువు, తేదీలు ప్రూఫులోనే చూసి సంతకం పెట్టండి. ప్లేటు అయ్యాక అక్షరం దిద్దాలన్నా మళ్ళీ కొత్త ప్లేటే.