పిల్లి యను మాట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)

 

ఈ సభలో గొప్ప విషయములు చెప్పుటకు పండితులున్నారు. నేను మన వంటయింట తిరుగు పిల్లిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

చీనా భాషలో పిల్లిని ‘మావ్’ అందురు. దాని కూతయే దాని పేరు. ఆ దేశపు విద్యార్థికి పిల్లి యను ఇంగ్లీషు మాట ఒక్క దినములో పట్టుబడును. కాని ‘కుక్కలు పిల్లులు కురిసినవి’ యన్న జడివాన యనియు, ‘సంచిలోని పిల్లిని విడిచెను’ అన్న గుట్టు బయటపెట్టెననియు ఏ అక్షరము చెప్పును? తెలుగు నేర్వవచ్చిన పరదేశికిని ఇదే చిక్కు. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన బ్రౌను దొర 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. 1868లో కార్ అను సైనికోద్యోగి తెలుగు సామెతలను వేరుగా ఒక గ్రంథము చేసెను. మాటకు అర్థము తెలిసినంత మాత్రమున భాష రాదుగదా!

మన పిల్లినే చూడుడు. లోభి పిల్లికి బిచ్చము పెట్టడు. తన తప్పు ఎవరికిని కనబడదనుకొనువాడు కన్నులు మూసికొని పాలు త్రాగు పిల్లి. నిలుకడలేనివాడు కాలుగాలిన పిల్లి. ఒకరి వేడుక వేరొకరి ప్రాణముమీదికి వచ్చిన, పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము. శతావరి తీగకు సైతము పిల్లిపీచర యని పేరు. దొంగవ్రతములు పట్టువానిని మనుస్మృతి బైడాలవ్రతికుడనెను. బిడాలమనగా పిల్లియే. మహాబలిపురమున పల్లవులు చెక్కించిన పెద్దబండమీద తపస్సు చేయు పిల్లిని, దాని చెంత ఎలుకలను నేటికిని చూడవచ్చును.

ఇట్లు కపటియైన పిల్లియే వేదాంతమున తల్లియైనది. తల్లిపిల్లి కూనను నోట కరచుకొని పోవును. కూన చేయవలసినదేమియు లేదు. భగవంతుడు జీవుని అట్లే కాచునని తెంగలై శ్రీవైష్ణవులు చెప్పుదురు. ఇది మార్జాలకిశోర న్యాయము. కోతిపిల్లవలె జీవుడును గట్టిగా పట్టుకొనవలెనని వడగలైవారి మర్కటకిశోర న్యాయము. తిరుమల మెట్లెక్కువారికి ఆ కోతులు క్రొత్తవి కావు.

మొన్న మా మనుమనితో ‘పిల్లి శాపములకు ఉట్లు తెగవురా’ అంటిని. వాడు ‘ఉట్టి యనగా నేమి తాతా?’ అని యడిగెను. బడిలో నేర్చిన కుక్కలు పిల్లుల వాన వానికి తెలియును, ఉట్టి తెలియదు. పాలకుండ పిల్లికందకుండ దూలమునకు వ్రేలాడగట్టు త్రాళ్ల అల్లిక యని చెప్పితిని. చూపుటకు ఇంట ఉట్టి లేదు. గోకులాష్టమి మరునాడు తిరుమలలో జరుగు ఉట్లోత్సవమునకు తీసికొనిపోయెదనంటిని. వస్తువు పోయిన సామెత మూగదగును. తప్పు బాలునిది కాదు, చెప్పని పెద్దలది.

కావున నాదొక్క ప్రార్థన. మన గ్రంథాలయమున ఒక తెల్లకాగితముల పుస్తకము నుంచుదము. చదివిన గ్రంథమును తిరిగి యిచ్చునప్పుడెల్ల ప్రతి చందాదారుడును తన యింటి ముసలివారి నోట విన్న సామెత నొకదానిని, అది వాడు సందర్భముతో అందు వ్రాయవలెను. పిల్లిమెడకు గంట కట్టునదెవరని ఒకరి ముఖమొకరు చూడవలదు. మొదటి పుట నేనే వ్రాసితిని. ఇదిగో, ఆ పుస్తకమును గ్రంథపాలకుని చేతికిచ్చుచున్నాను.