విగ్రహం లేని తల్లులు



దేవత అనగానే మన కళ్ళముందు ఒక రూపం మెదులుతుంది. నాలుగు చేతులు, కిరీటం, తామరపువ్వు, పక్కన సింహమో హంసో. క్యాలెండర్లు చూసి చూసి అలవాటు పడ్డాం మరి! కానీ మన ఓరుగల్లు ప్రాంతంలో లక్షలమంది మొక్కే తల్లికి అసలు విగ్రహమే లేదన్న సంగతి మీరెప్పుడైనా ఆలోచించారా?

మేడారం సమ్మక్క సంగతే చెబుతున్నాను. మేడారం ఇదివరకు వరంగల్ జిల్లా. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు భూపాలపల్లిలో కలిసింది, 2019 నుంచి ములుగు జిల్లా. జిల్లా ఏదైతేనేం, తల్లి చిలకలగుట్ట మీదే ఉంది. రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమికి జాతర. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. మొదటిరోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ, మర్నాడు గుట్ట మీది నుంచి సమ్మక్క గద్దెలకు వస్తారు. కోయ పూజారులు అంత భద్రంగా తెచ్చేది ఏమిటనుకున్నారు? ఒక కుంకుమ భరిణె. గద్దె మీద నిలిపేది వెదురు. అంతే! ఆ భరిణె గుట్ట దిగుతుంటే పోలీసు పెద్ద అధికారి గాలిలోకి తుపాకీ పేల్చి స్వాగతం చెబుతారు.

కథ మీకు తెలిసిందే. కరువొచ్చి కప్పం కట్టలేకపోతే కాకతీయ ప్రతాపరుద్రుడి సైన్యం కోయగూడేల మీదికి వచ్చింది. సమ్మక్క భర్త పగిడిద్దరాజు, కూతురు సారలమ్మ, అల్లుడు గోవిందరాజు పోరులో పడిపోయారు. కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకాడు. ఆ వాగే నేటి జంపన్న వాగు. చివరిదాకా పోరాడిన సమ్మక్క గాయాలతో గుట్టవైపు వెళ్ళి కనబడకుండా పోయింది. వెతకబోయినవాళ్ళకు పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికిందని చెప్పుకుంటారు.

ఈ కథ వింటూ మనం ఒక మాట పట్టించుకోము. అప్పటికే ఆమె భర్త లేడు. భర్త పోయిన ఆడది విడిచి వెళ్ళినది కుంకుమ! భర్త పోగానే నుదుట కుంకుమ చెరిపేసే మనం ఆ కుంకుమకే నిలువెత్తు బంగారం, అదేనండీ, మన ఎత్తు బెల్లం తూచి మొక్కు చెల్లించి వస్తాం. తిరిగి ఇంటికి వచ్చాక మాత్రం పేరంటంలో ఫలానావిడకు బొట్టు పెట్టాలా వద్దా అని చెవులు కొరుక్కుంటాం. నేను జాతరకు వెళ్ళిన ప్రతిసారీ చూశాను, గద్దెల దగ్గర మాత్రం నీ మొగుడున్నాడా అని ఎవరూ ఎవరినీ అడగరు. జనగామలో మా వీధిలో ఇప్పటికీ అడుగుతారు. మీ వీధిలోనో?

విగ్రహం లేని తల్లులు మనకొక్కరికే లేరు. పూర్వం రోమునగరంలో వెస్టా అని పొయ్యికీ ఇంటికీ అధిదేవత ఉండేది. గుండ్రని గుడి, లోపల బొమ్మ లేదు, ఆరకుండా మండే నిప్పు ఒక్కటే. మన వంటింటి పొయ్యికే అంత గౌరవమా అని మొదట మురిసిపోయాను. తరువాత తెలిసింది, ఆ నిప్పు కాయడానికి ఆరేళ్ళకూ పదేళ్ళకూ మధ్య వయసు ఆడపిల్లల్ని తెచ్చేవారట. ముప్ఫయ్యేళ్ళ ఊడిగం. రథాలెక్కే గౌరవం ఉన్నా, బ్రహ్మచర్యం తప్పినదని తేలితే బతికుండగానే పాతిపెట్టేవారు. దేవతను కొలిచే చేతులే ఆడపిల్లను పాతిపెట్టాయంటే ఇక ఏమనాలి?

జపానువాళ్ళ సూర్యుడు ఆడది, పేరు అమతెరసు. తమ్ముడు చేసిన ఆగడాలకు కోపమొచ్చి గుహలో దాక్కుంటే లోకమంతా చీకటైంది. తక్కిన దేవతలు గుహ ముందర ఆటాపాటా పెట్టి, అద్దం చూపించి ఆమెను బయటికి రప్పించారు. ఇసే అనే చోట ఉన్న ఆమె గుడిలో ఆ అద్దమే దేవత. దాన్ని ఎవరికీ చూపించరు. ఆ గుడిని ఇరవై ఏళ్ళకోసారి కొత్త కర్రతో కట్టడం ఆచారం. కిందటిసారి 2013లో కట్టారు. ఇంటి ఆడది అలిగి తలుపేసుకుంటే ఇల్లు చీకటే అని జపానువాళ్ళకు కూడా తెలుసన్నమాట!

అన్నిటికంటే నాకు మనసుకు దగ్గరైనది గ్రీకుల దిమీటర్ కథ. ఆమె పంటల తల్లి. కూతురు పెర్సెఫొనీని పాతాళపు రాజు ఎత్తుకుపోతే ఆ తల్లి పంటల్ని పండనీయలేదు. లోకం ఆకలితో అల్లాడాక దేవతల రాజు దిగివచ్చి పిల్లను పంపమన్నాడు. కానీ ఆ పిల్ల అక్కడ దానిమ్మ గింజలు తిన్నది కాబట్టి ఏడాదిలో కొంతకాలం అక్కడే ఉండాలి, మిగతాకాలం తల్లి దగ్గర. కూతురు వస్తే పచ్చదనం, వెళితే మోడు. ఏథెన్సు ఇల్లాళ్ళు ఏటా పంట విత్తే రోజుల్లో మగవాళ్ళను రానీయకుండా మూడు రోజులు ఈ తల్లి పండుగ చేసుకునేవారు.

ఇది వింటే మన బతుకమ్మ గుర్తుకు రావడంలేదూ? తంగేడు, గునుగు పేర్చి, పైన పసుపు ముద్దతో గౌరమ్మను చేసి పెడతాం. ఆమె కూడా బొమ్మ లేని తల్లే. తొమ్మిది రోజులకు ఆడపిల్ల తల్లిగారింటికి రావాలి. 2014లో రాష్ట్ర పండుగ చేశారు, సంతోషమే. కానీ తెలిసిన ఒకావిడ కూతురికి పెళ్ళయి మూడేళ్ళయింది, ఒక్క బతుకమ్మకూ అత్తవారు పంపలేదు. పనికి ఇబ్బందట. మొన్న ఎంగిలిపూల నాడు ఆవిడ గుమ్మంలో కూచుని బస్సులు లెక్కపెట్టింది. ఆ అత్తగారింట్లోనూ అదే సాయంత్రం గౌరమ్మను పేర్చే ఉంటారు. ఈ ప్రసంగం ఆవిడ వింటుందో లేదో, చదువుతుందో లేదో గానీ, పిల్లను సద్దులకైనా పంపించండమ్మా.

ఇంకొక్క ముచ్చట చెప్పి ముగిస్తాను. మేడారం జాతరకు సమ్మక్క మగడు పగిడిద్దరాజు ఎక్కడినుంచి వస్తాడో తెలుసా? మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి. పూజారులు ఆయనను ఎత్తుకుని అడవి దారిన నడిచి వస్తారు. భార్య ఊరికి భర్తే రావాలి. నాలుగో రోజు తల్లి గుట్టకు వెళ్ళిపోయాక ఆయన మళ్ళీ తన ఊరికి బయలుదేరతాడు.