అపరాధ పరిశోధక నవలలు - అడుగుజాడల న్యాయము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను. పగలు లెక్కలు వ్రాసికొనుచు, రాత్రివేళ భారత భాగవతములను గురుముఖమున గాక స్వయముగా చదువుకొన్నవాడను. అట్టి నన్ను ఈ సభలో ప్రసంగింపుమని కోరుట కార్యదర్శిగారి సౌజన్యము.

ఈ గ్రంథాలయము వెలసిన క్రొత్తలో ఒక వివాదము పుట్టినది. అపరాధ పరిశోధక నవలలు కొనవచ్చునా, కూడదా యని. కూడదని పట్టుపట్టిన వారిలో నేనొకడను. హత్యలు, దొంగతనములు చదివి పిల్లలు చెడిపోదురని నా వాదము. నేడు ఆ మాటను వెనుకకు తీసికొనుటకే మీ యెదుట నిలిచితిని.

ఈ కథలు మనకు క్రొత్తవి కావు. గడచిన శతాబ్దపు తొలినాళ్లలోనే వంగభాషలో పాంచకడి దే రచించిన పరిశోధక నవలలు తెలుగులోనికి వచ్చినవి. పిదప కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధరును, సహాయకుడు రాజును తెలుగు పాఠకులకు చిరపరిచితులైరి. యుగంధరు కథలలో మనలను లాగునది యుక్తి, వేగము.

ఇటీవల మా యబ్బాయి స్వీడను దేశపు నవలల ఆంగ్లానువాదములు కొన్ని తెచ్చి యిచ్చెను. నిఘంటువు చెంత నుంచుకొని చదివితిని. మాయ్ షోవాల్, పేర్ వాలె అను నిరువురు కలిసి 1965 మొదలు 1975 వరకు పది నవలలు వ్రాసిరి. మొదటిదగు 'రోజానా' కాలువ లాకుల యొద్ద ఆరంభమగును. పూడిక తీయు యంత్రపు తొట్టిలో ఒక యపరిచిత స్త్రీ శవము పైకి వచ్చును. పులిగడ్డ అక్విడక్టు మీదుగా వచ్చు నీటితో పంట పండించుకొను దివిసీమవారికి లాకులనగా నేమో, పూడికయనగా నేమో నేను చెప్పవలెనా? చదువుచుండగా అది మన కాలువగట్టే యనిపించినది.

ఆ స్త్రీ యెవరో తెలియుటకే నెలలు పట్టును. పరిశోధకుడు మార్టిన్ బెక్ మహామేధావి కాడు. జలుబుతో, కడుపు బాధతో పనిచేయు జీతగాడు. ఉత్తరము వ్రాసి జవాబుకై వేచియుండును. చదివిన కాగితమునే మరల చదువును. 1991లో హెన్నింగ్ మాంకెల్ ఆరంభించిన వాలండర్ కథలును ఇస్టాడ్ అను సముద్రతీరపు చిన్న పట్టణమున నట్లే నడచును. బందరు, గుడివాడలలో మనమెరిగిన ఉద్యోగుల వలెనే యుందురు వారు. ఆ యోర్పే వీని యాకర్షణ మని నా తలంపు.

మరియొక కారణము గలదు. 1986 ఫిబ్రవరి 28న ఆ దేశ ప్రధాని ఊలోఫ్ పామె రాజధాని వీధిలో హత్య గావింపబడెను. ఎవరికిని శిక్ష నిలువకయే 2020లో ఆ పరిశోధనను ముగించిరి. లోకమున దొరకని సమాధానము కథలోనైన దొరకవలెనని మనుజుడు కోరును.

ఇక మన యింటి మాట. వినాయకచవితినాడు అక్షతలు పట్టుకొని మనము వినునది పరిశోధన కథయే గదా! ప్రసేనుడు మణి ధరించి వేటకేగి తిరిగి రాలేదు. శ్రీకృష్ణుడే చంపెనని లోకులు చెవులు కొరికికొనిరి. ఆయన కోపింపలేదు, శపింపలేదు. పురజనులను సాక్షులుగా వెంటగొని అడవికేగెను. ప్రసేనుని శవము, అతని గుఱ్ఱము, కూలిన సింహము, పిదప జాంబవంతుని గుహ, ఇట్లు జాడ వెంట జాడ పట్టి పోయెను. మణిని తెచ్చి సభలో సత్రాజిత్తునకే అప్పగించెను. భగవంతునికైనను నీలాపనింద మాటలతో పోలేదు. అడుగుజాడలతో పోయినది.

ఈ కథను ఏటేట విన్న నేనే ఒకనాడు దానిని మరచితిని. యౌవనమున నేను పనిచేసిన ఒకచోట నగదు నిల్వ తొంబది రూపాయలు తగ్గెను. అందరి చూపును టీ తెచ్చియిచ్చు కుర్రవానిపై పడెను. నేను నోరు మెదపలేదు. మూడవనాటి రాత్రి వోచర్లు ముందిడుకొని చిట్టా తిరుగవేసితిని. 540 రూపాయల చెల్లింపును 450 అని వ్రాసినది నా చేయియే. తేడా తొమ్మిదిచే భాగింపబడినచో అంకెలు తారుమారైనవేమో చూడవలెనని లెక్కలవారెల్ల రెరుగుదురు. నేనును ఎరుగుదును. అయినను మొదట మనిషిని చూచితిని గాని అంకెను చూడలేదు. తెల్లవారి వాని యింటికి పరుగెత్తితిని. తలుపునకు తాళము. తల్లియు కొడుకును ఊరు విడిచి పోయిరి. మరల నాకు కానరాలేదు.

కావున మహాశయులారా, ఈ నవలలు పిల్లలకు నేరము నేర్పునని నేనిక ననజాలను. ఆధారము చూడక నింద వేయరాదని నేర్పును. మన బీరువాలో భాగవతము ప్రక్కన వీనికిని చోటుండుగాక. ఈ యూరిలో ఎవనిపైనైన నింద పడిననాడు, నోరు విప్పుటకు ముందు జాడ వెదకువారు ఈ గ్రంథాలయ పాఠకులు కావలెనని నా ప్రార్థన.