తరగతి గదిలో డిజిటల్ సాధనములు – మన బాధ్యత

(ఉపాధ్యాయుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)

తరగతిలో పిల్లల నడవడికి, చదువునకు డిజిటల్ సాధనములు ఎట్లు తోడ్పడునో మాటలాడమని మమ్ము కోరినారు. మేము వేదాంత కళాశాలలో చదివినవారమే గాని కంప్యూటరు చదివినవారము కాము. అయినను ఒక పాఠశాల కమిటీలో కొంతకాలము పనిచేసి, ఒక పొరపాటు చేసి, దానివలన నేర్చుకొన్నది మీ ముందుంచుచున్నాము.

తరగతిలోనికి యంత్రము వచ్చుట నేటి ముచ్చట కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఉపగ్రహము ద్వారా ‘సైట్’ అను టెలివిజన్ ప్రయోగము జరిగినది. ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములలో ఆంధ్రప్రదేశ్ పల్లెలును గలవు. ఉదయము బడి పిల్లలకు ప్రత్యేక కార్యక్రమములు వచ్చెడివి. అంతకు పూర్వమే, 1953లో, అమెరికాలో స్కిన్నర్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు తన కుమార్తె లెక్కల తరగతిని చూడబోయెను. చేసిన లెక్క తప్పో ఒప్పో వెంటనే తెలియక కొందరు ఊరక కూర్చుండుట, రానివారు తంటాలు పడుట చూచి, జవాబును అప్పటికప్పుడే సరిచూపు బోధనా యంత్రమును తయారుచేసెను.

ఈనాడు అదే ఆలోచన చేతిలోని ఫోనులో ఇమిడినది. 2011లో అమెరికాలో ఆరంభమైన క్లాస్‌డోజో వంటి యాప్‌లలో, తోటివానికి సాయపడిన పిల్లవానికి టీచరుగారు ఒక పాయింటు ఇయ్యవచ్చును. తల్లిదండ్రులు దానిని ఇంటనే చూడవచ్చును.

ఇట్టి పద్ధతులను విని మేమును ఉత్సాహపడితిమి. కంప్యూటరులో మేమే ఒక పట్టిక గీసి, పేరు పేరున మార్కులు వేసి, అల్లరి చేసిన మార్కు తీసివేసి, గోడమీది పెద్ద తెరపై చూపించితిమి. మొదటి వారము చీమ చిటుక్కుమన్న వినబడునంత నిశ్శబ్దము! మూడవ వారమునకు అడుగున ఒకే పేరు నిలిచిపోయినది. ఏడవ తరగతి అబ్బాయి. తోటివారు వానిని ‘మైనస్’ అని పిలువసాగిరి. నాలుగవ వారము వాడు బడికి రాలేదు. మేము ఇంటికి వెళ్లితిమి. తల్లి కూలికి పోయినది. గుమ్మములో కూర్చున్నవాడు లేచి, “అయ్యగారూ, నా పేరు తీసేస్తే వస్తాను” అన్నాడు. మాకు నోట మాట రాలేదు. మరునాడే ఆ పట్టికను తీసివేయించితిమి.

తరువాత వాని నోటుపుస్తకము చూచితిమి. తరగతిలో భిన్నములు చెప్పుచున్నారు. వీనికి భాగాహారమే రాదు. వాని అల్లరి అంతయు లెక్కల పీరియడులోనే. పాఠము అందని పిల్లవాడు నలభై నిమిషములు చేతులు కట్టుకొని ఎట్లు కూర్చుండగలడు? మేము నడవడిని లెక్కపెట్టితిమే గాని చదువును చూడలేదు.

ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అను కంప్యూటరు పాఠములపై జరిగిన పరిశోధన 2019లో ప్రచురితమైనది. అందు ఆరవ తరగతి పిల్లలు లెక్కలలో సగటున రెండున్నర తరగతులు వెనుకబడియుండిరి. కంప్యూటరు ప్రతి పిల్లవాని స్థాయిని కనిపెట్టి, అక్కడనుండియే పాఠము చెప్పినది. నాలుగున్నర నెలలలోనే మంచి ప్రగతి కనబడినది. అయితే ఒక సంగతి మరువరాదు: 90 నిమిషములలో సగము కంప్యూటరుతో, సగము చిన్న గుంపుగా ఒక బోధకునితో గడిపిరి. యంత్రము ఒంటరిగా పనిచేయలేదు.

కావున మా మనవులు నాలుగు. మొదటిది, మెప్పును నలుగురిలో చెప్పుడు. తప్పును తెరకెక్కింపక ప్రక్కకు పిలిచి చెప్పుడు. రెండవది, శిక్ష వేయుటకంటె పిల్లవాడు ఎక్కడ ఆగిపోయెనో తెలిసికొనుటకు ఈ సాధనమును వాడుడు. 2017లో ప్రారంభమైన ప్రభుత్వపు దీక్షా వేదికలోని పాఠములు ఉచితము. మూడవది, ట్యాబు ఇచ్చి వెళ్లిపోక ప్రక్కన కూర్చుండుడు. నాలుగవది, పిల్లల వివరములను ఏ యాప్‌లోనైనను ఎక్కించుటకు ముందు తల్లిదండ్రులనడుగుడు. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లలోపు వారి విషయములో తల్లిదండ్రుల అంగీకారమును ముఖ్యముగా ఎంచినది. బడులకు కొన్ని మినహాయింపులున్నను, అడుగుట మన మర్యాద.

ఆ అబ్బాయి తిరిగి వచ్చెను. రోజుకు ఇరువది నిమిషములు టీచరమ్మగారు వాని ప్రక్కన కూర్చుండి, ట్యాబులో మూడవ తరగతి లెక్కలు చేయించినారు. వాడు తరగతిలో మొదటివాడు కాలేదు. గాని సంవత్సరాంతము వరకు బడి మానలేదు. భాగాహారము వచ్చినది, అల్లరి తగ్గినది.

మన బడులలో పలక, నల్లబల్ల, రేడియో, టెలివిజన్ ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. ఇప్పుడు ఇది వచ్చినది. రానిండు. అయితే రేపు తరగతికి వెళ్లినప్పుడు, తెర వెలిగించుటకు ముందు, వెనుక బెంచిపై అల్లరి చేయు పిల్లవాని నోటుపుస్తకమును ఒక్కసారి తెరచి చూడుడని వేడుకొనుచు సెలవు తీసికొనుచున్నాము.