విమానపు ఇంజను: రోగ నిదానము



రజతోత్సవ సభలో నా వృత్తికి సంబంధించిన విషయ మొకటి చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నా వృత్తి చిన్న విమానముల ఇంజనులను చక్కబెట్టుట. ఆకాశమున పోవు యంత్రముతో మనకేమి పని యని కొంద రనుకొనవచ్చును. కాని మీ చేలలో నీళ్లు తోడు ఇంజనునకును, శిక్షణ విమానమునకు కట్టు ఇంజనునకును వంశ మొక్కటే. సిలిండరు, అందులో ఆడు పిస్టను, గాలిని లోనికి విడుచు వాల్వు, పొగను వెలికి పంపు వాల్వు రెంటికిని కలవు. చేలో ఇంజను ఆగిన మడి యొక పూట ఎండును. గాలిలో ఆగిన, దిగుటకు చోటు వెదకుకొనుటకు కొన్ని నిమిషములే యుండును. అందుచేత మరమ్మతు కంటె ముందు రోగ మేదో తెలిసికొనుట మా పనిలో ప్రధానము.

రోగ మెట్లు వచ్చినదో తెలిసికొనుటను ఆయుర్వేదమున నిదాన మందురు. మన వాడుకలో నిదాన మనగా తొందరపడకుండుట. మా షెడ్డులో ఈ రెండర్థములును ఒక్కటే యగును. ఇంజను అదరుచున్నదనగానే స్పానరు పట్టువాడు సగము పని చెడగొట్టును. ప్లగ్గులు మార్చి, తీగలు మార్చి, కార్బ్యురేటరు విప్పి బిగించిన పిమ్మట అదురు పోయినను, దేనిచే పోయినదో తెలియదు. నిజముగా పోయినదో, దాగినదో అంతకంటె తెలియదు.

మొదట పైలటును ప్రశ్నింపవలెను. “ఇంజను బాగులేదు” అను మాటవలన ప్రయోజనము లేదు. ఎప్పుడు అదరినది? చల్లగా నున్నపుడా, కాగిన పిమ్మటనా? పూర్తి వేగముననా, దిగుటకు వేగము తగ్గించినపుడా? మేఘము పట్టియున్నదా?

సెస్నా 152 అను రెండు సీట్ల శిక్షణ విమానమును తీసికొందము. దాని లైకమింగ్ ఇంజనునకు సిలిండర్లు నాలుగు, సిలిండరునకు ప్లగ్గులు రెండేసి. వానికి నిప్పురవ్వ నిచ్చు మాగ్నెటోలును రెండు. ఒకటి చెడినను రెండవది నడుపును. ఎగురుటకు ముందు పైలటు ఇంజనును నిమిషమునకు 1700 చుట్ల వేగమున నిలిపి, ఒక్కొక్క మాగ్నెటోను ఆపి చూచును. ఒక్క ప్లగ్గుతో మంట మందగించును గనుక వేగము కొంత తగ్గుట సహజము. 125 చుట్లకు మించి తగ్గరాదు; రెంటి నడుమ భేదము 50 దాటరాదు. తగ్గుచు అదరిన, ఏదో యొక ప్లగ్గు మసిపట్టినదని అనుమానము. అదురు లేకయే ఎక్కువ తగ్గిన, రవ్వ పడు సమయము తప్పినదేమో చూడవలెను. బొత్తిగా తగ్గకపోయినచో సంతోషింపరాదు. స్విచ్చి నుండి మాగ్నెటోకు పోవు తీగ తెగి, ఆపినను అది ఆగుట లేదేమోనని శంకింపవలెను. అట్టి విమానపు పంకాను చేతితో కదల్చిన, ఇంజను హఠాత్తుగా రాజుకొని మనిషిని నరకగలదు.

నాలుగింటిలో ఏది మండుట లేదో కనుగొనుటకు వంటయింటి ఉపాయము చాలును. చల్లని ఇంజనును, అనుమానమున్న మాగ్నెటో మీదనే కొద్దిసేపు నడిపి ఆపి, పొగగొట్టముల మీద నీటిచుక్క వేసిన, మండిన వాని మీద దోసెపెనముపై వలె చుయ్యిమనును. మండని దాని మీద ఊరకుండును.

అన్నిటికంటె నాకు ప్రీతియైనది గాలి పరీక్ష. రెండు వాల్వులును మూసికొనియుండగా పిస్టనును పైకొసన నిలిపి, చదరపు అంగుళమునకు 80 పౌనుల ఒత్తిడిగల గాలిని ప్లగ్గు రంధ్రము గుండా పంపుదుము. పంకా గిఱ్ఱున తిరుగవచ్చును గనుక ఒకరు దానిని గట్టిగా పట్టియుండవలెను. సిలిండరులో నిలిచిన ఒత్తిడిని రెండవ మీటరు చూపును. 72 చూపిన మేలు. అంకె పడిపోయిన, చెవి యొగ్గవలెను. పొగగొట్టమున సుయ్యిమన్న పొగవాల్వు సరిగా మూసికొనుట లేదు. గాలి పీల్చు దారిని వినిపించిన, లోనికి విడుచు వాల్వు. నూనె పోయు మూతి కడ వినిపించిన, పిస్టను రింగులు. అయినను అంకె నొక్కదానినే నమ్మి సిలిండరును ఊడదీయుట తగదు. ప్లగ్గు రంధ్రము గుండా బోరోస్కోపు అను సన్నని గాజుకన్నును పంపి లోపల చూడవలెనని కాంటినెంటల్ ఇంజనుల సంస్థ 2003లో నిర్దేశించినది. ఆరోగ్యముగల పొగవాల్వు ముఖమున రంగులు గుండ్రముగా, సమముగా నుండును. కాలుచున్న వాల్వునకు రంగు ఒక అంచునకు జరుగును.

నూనె ఫిల్టరును కూడ కోసి, కాగితపు మడతలు విప్పి చూతుము. మెరయు పొడి అయస్కాంతమున కంటిన ఉక్కు. అంటనిచో అల్యూమినియమో, కంచో కావచ్చును.

తనంతట తగ్గిన రోగమే అన్నిటికంటె చిక్కు. తేమగల గాలిలో వేగము తగ్గించినపుడు, పెట్రోలు ఆవిరియగుటచే కార్బ్యురేటరు చల్లబడి లోపల మంచు కట్టును. ఇది వెచ్చని దినమునను జరుగును. పైలటు వేడిగాలి మీట లాగిన, ఇంజను మొదట మరింత తడబడి, మంచు కరగి తేరుకొనును. నేల దిగునప్పటికి జాడయే యుండదు. ఇంజనును విప్పినవానికి ఏమియు దొరకదు. మేఘము పట్టియున్నదా యని అడిగినవానికి దొరకును.

రెండవది వేరు. ఉదయము చల్లని ఇంజను తిరిగిన వెంటనే ఒక సిలిండరు పలుకక, రెండు మూడు నిమిషములలో సర్దుకొనును. మెకానిక్కులు దీనికి వేవిళ్లని పరిహాసపు పేరు పెట్టిరి. మసి గట్టిపడి, పొగవాల్వు కాడ తన గైడులో బిగిసికొనుటయే కారణము. సర్దుకొన్నది గదా యని ఎగిరిన, ఒకనాడు గాలిలోనే వాల్వు బిగిసి, దానిని నెట్టు కడ్డీ వంగి, శక్తి పడిపోవచ్చును. ఆరంభముననే పట్టుకొన్న, సిలిండరును ఊడదీయకయే వాల్వును లోనికి జార్చి, గైడును రీమరుతో శుభ్రపరచి, వాల్వును తిరిగి పైకి లాగి బిగింపవచ్చును. చేసినదంతయు ఇంజను లాగుపుస్తకమున తేదీతో, నడిచిన గంటలతో వ్రాయుదుము. నే నయితే మరునాటి ఉదయము ఆ చల్లని ఇంజను మొదటిసారి తిరుగునపుడు ప్రక్కన నిలువక మానను. కాగిన ఇంజను ఎంత చక్కగా పలికినను, ఈ రోగమున దాని సాక్ష్యము చెల్లదు.