అమెరికా పాఠశాలలో హకిల్‌బెరీ ఫిన్
(సంఘ సాహిత్య సభలో చేసిన ప్రసంగము)



మార్క్ ట్వేన్ తెలుగువారికి క్రొత్తవాడు కాడు. ఆయన నవల ఆధారముగా 1954లో ‘రాజు-పేద’ చలనచిత్రము వచ్చినది. టామ్ సాయర్, హకిల్‌బెరీ ఫిన్ కథలను నండూరి రామమోహనరావుగారు తెనిగించిరి. మనము వానిని పిల్లల సాహసగాథలుగా చదివి ఆనందించితిమి. కాని అమెరికాలో అనేక ఉన్నత పాఠశాలలలో హకిల్‌బెరీ ఫిన్ 16, 17 ఏండ్ల విద్యార్థులకు పాఠ్యగ్రంథము. తరగతిలో కలహమునకును కారణమైన గ్రంథము. మన కుటుంబముల పిల్లలు పలువురు నేడు ఆ తరగతులలో కూర్చుండుచున్నారు గనుక ఈ విషయమును ముచ్చటింప దలచితిని.

త్రాగుబోతు తండ్రి బాధ పడలేక పారిపోయిన హక్ అను బాలుడును, తన్ను 800 డాలర్లకు దక్షిణ దేశమునకు అమ్మివేయుదురేమోనని పారిపోయిన జిమ్ అను బానిసయు ఒకే తెప్పపై మిసిసిపీ నదిలో ప్రయాణింతురు. బానిసత్వము రద్దయినది 1865లో. పుస్తకము అమెరికాలో వెలువడినది 1885లో. కథ జరిగినది అంతకు చాల ముందు. కథ చెప్పువాడు హక్కే. పారిపోయిన బానిసకు తోడ్పడుట దొంగతనమనియు, పాపమనియు పెద్దలు వానికి నేర్పిరి. 31వ ప్రకరణములో వాడు జిమ్ ఆచూకీ తెలుపుచు యజమానురాలికి ఉత్తరము వ్రాయును. వ్రాయగానే మనసు తేలికపడును. పిమ్మట తెప్పపై గడిపిన రాత్రులు, తన్ను నిద్రపోనిచ్చి తన వంతు కావలి కూడ జిమ్ కాచుట గుర్తుకు వచ్చును. నరకమునకు పోవుటకే సిద్ధపడి వాడా కాగితమును చింపివేయును.

ఇచ్చట ఉపాధ్యాయుని పని సుళువు కాదు. తాను పాపము చేయుచున్నాననియే హక్ నమ్మును, రచయిత నమ్మడు. ఈ ఎడమును విద్యార్థి తానుగా కనిపెట్టవలెను. గిరీశము పలుకులన్నియు గురజాడవారి అభిప్రాయములని మనమనుకొనము గదా! మరుసటి ప్రకరణములో, పడవ యంత్రము ప్రేలినదని హక్ కల్పించి చెప్పగా, ఎవరికైన దెబ్బ తగిలినదాయని ఒక ఇల్లాలు అడుగును. లేదు, ఒక నల్లవాడు చచ్చెనని వాడనును. మేలే, ఒక్కొక్కప్పుడు మనుష్యులకు తగులుచుండునని ఆమె ఊరడిల్లును. ఆమె దుర్మార్గురాలు కాదు, ఎంతయో దయగల తల్లి. ఈ నాలుగు మాటలకే ఒక గంట పాఠము చాలదు.

అయితే హక్ నోట వచ్చినది ‘నల్లవాడు’ అను మాట కాదు. అది ఆ జాతివారిని హీనపరచు తిట్టు. గ్రంథమున 200 మారులకు పైగా వచ్చును. 1885లోనే మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ గ్రంథాలయమువారు పుస్తకమును బహిష్కరించిరి గాని, వారి ఆక్షేపణ మోటుతనమును గూర్చి. పాఠశాలలలో జాతి విభజన చెల్లదని 1954లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1957లో న్యూయార్కు నగర విద్యామండలి చిన్న తరగతుల ఆమోదిత పట్టికనుండి ఈ పుస్తకమును తొలగించినది. 2011లో అలబామాలోని ఒక ప్రచురణ సంస్థ ఆ తిట్టుకు బదులు ‘బానిస’ అని మార్చి అచ్చువేసినది.

ఈ మార్పు నాకు సమ్మతము కాదు. ఒహాయోనుండి వచ్చిన ఒక నల్లజాతి ఆచార్యుని గూర్చి హక్ తండ్రి నోరుపారవేసికొను ఘట్టము కలదు. ఆ ఆచార్యుడు స్వతంత్రుడు. అయినను తిట్టు వానిని వదలలేదు. అట్లని, 30 మందిలో నల్లజాతి విద్యార్థి ఒక్కడే యున్న తరగతిలో ఆ మాటను బిగ్గరగా చదివించువారిని నేను సమర్థింపజాలను. తక్కిన 29 మందికి (వారిలో మన పిల్లలును ఉందురు) అది సాహిత్యము; వానికి తన తాతలు పడిన తిట్టు. వివేకముగల ఉపాధ్యాయులు తొలినాడే ఈ సంగతి చర్చించి, ఆ మాటను పైకి ఉచ్చరింపక చదివింతురు. బానిసగా పుట్టి తప్పించుకొన్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో ప్రకటించిన ఆత్మకథను ప్రక్కన నుంతురు.

టామ్ సాయర్ వచ్చి జిమ్ విడుదలను ఆటగా మార్చిన తుది ప్రకరణములు నాకెన్నడును రుచింపలేదు. 2024లో పెర్సివల్ ఎవరెట్ ‘జేమ్స్’ నవలలో ఆ ప్రయాణమును జిమ్ నోటనే చెప్పించెను. 2025లో దానికి పులిట్జర్ బహుమానము లభించినది. అయినను ట్వేన్ గ్రంథమునందే జిమ్ తన కథ చెప్పుకొను చోటొకటి కలదు. తలుపు వేయుమన్నను వేయలేదని నాలుగేండ్ల కూతురిని కొట్టి, జ్వరము వలన ఆమెకు చెవుడు వచ్చినదని అటుపిమ్మట తెలిసికొని అతడేడ్చిన దినమది. మీ పిల్లలో, మనుమలో ఈ పుస్తకము చదువుచున్నప్పుడు, 23వ ప్రకరణము చివరనున్న ఆ పుటను తెలుగులో మీకు చెప్పుమని అడుగుడు.